చింతపిక్క తొక్క నుంచి యాంటీఆక్సిడెంట్లు తీసి పరీక్షించడం ఎలా

గింజల్లో యాంటీఆక్సిడెంట్లు అని ప్రాజెక్టు తీసుకున్నవాళ్లు చాలామంది ద్రాక్ష గింజల కోసం తిరుగుతారు. మనం వామనగుంటలు ఆడుకునే చింతపిక్కలు చాలు. అసలు సరుకంతా పైనున్న ముదురు గోధుమరంగు తొక్కలో ఉంటుంది. నాలుక్కి తగిలే ఆ వగరే టానిన్లు, అందులో ముఖ్యంగా ప్రోసయనిడిన్లు అనే రకం. ఇవన్నీ పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాల కుటుంబానివే, యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసేవి ఇవే.

లోపలి తెల్లపప్పు మాత్రం రానివ్వకండి. నూలుకి గంజి పెట్టడానికి వాడేది ఆ పప్పు పిండినే, నీళ్లు తగిలితే జిగురైపోతుంది. మొదటిసారి నేను పిక్కలు మొత్తంగా ఆడించి నానబెట్టాను, ఫిల్టర్ పేపర్ మీద బంకలా పేరుకుపోయి తెల్లారేసరికి ఫ్లాస్కులో అడుగు కూడా తడవలేదు. పచ్చి పిక్కకి తొక్క సరిగ్గా ఊడదు కాబట్టి ఇసుకలో కాసేపు వేయించి, రోట్లో దంచి, పెచ్చులు ఏరుకోండి. మాడితే పాలీఫినాల్స్ దెబ్బతింటాయి, అందుకే ఎన్ని నిమిషాలు వేయించారో రాసిపెట్టుకుని ప్రతిసారీ అంతే వేయించండి.

పెచ్చుల్ని మెత్తగా పొడి చేసి, 10 గ్రాముల పొడికి 100 మి.లీ. 70 శాతం ఇథనాల్ పోసి, మూత పెట్టి, వెలుతురు తగలకుండా 24 గంటలు షేకర్ మీద ఉంచండి. తర్వాత వడకట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో (తక్కువ పీడనంలో ద్రావకాన్ని ఆవిరి చేసే పరికరం) 40 డిగ్రీల దగ్గర ఆల్కహాల్ తీసేయండి, మిగిలిన నీటిని ఫ్రీజ్ డ్రైయర్‌లో (గడ్డకట్టించి ఆరబెట్టే పరికరం) తీసేస్తే సరి. అది లేకపోతే ఫ్యాను గాలికి పలచగా ఆరబెట్టండి. గ్యాస్ స్టవ్ దగ్గరికి మాత్రం అస్సలు తీసుకెళ్లొద్దు, ఇథనాల్ ఆవిరి అంటుకుంటుంది. వచ్చిన ఎర్రటి పొడే మీ సారం, దాన్ని తూకం వేసి ఫ్రిజ్‌లో దాచండి.

ఇక టెస్టు. డీపీపీహెచ్ అంటే యాంటీఆక్సిడెంట్ తగిలితే రంగు కోల్పోయే ఊదా రంగు రసాయనం. డీపీపీహెచ్ పద్ధతి 1958లో బ్లాయిస్ అనే శాస్త్రవేత్త ప్రచురించింది, ఇప్పటికీ అందరూ మొదట చేసేది ఇదే. 4 మి.గ్రా. డీపీపీహెచ్‌ని 100 మి.లీ. మిథనాల్‌లో కరిగిస్తే వంగపండు రంగు ద్రావణం వస్తుంది. మిథనాల్ విషం, గ్లవ్స్ వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లో పని చేయండి. ఈ ద్రావణం 2 మి.లీ., మిథనాల్‌లో కరిగించిన మీ సారం 1 మి.లీ. కలిపి 30 నిమిషాలు చీకట్లో ఉంచి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (రంగు ఎంత గాఢంగా ఉందో కొలిచే మెషీన్) 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి. సారంలో దమ్ముంటే ఊదా రంగు కళ్లముందే పలచబడి పసుపులోకి దిగుతుంది, అది చూడటం ఎంత బాగుంటుందో!

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. చింతపిక్క సారానికి తనకంటూ గోధుమ రంగు ఉంది, ఆ రంగు కూడా మెషీన్‌లో నమోదవుతుంది. అందుకే ప్రతి మోతాదుకీ డీపీపీహెచ్ లేకుండా, సారం 1 మి.లీ., మిథనాల్ 2 మి.లీ.తో ఇంకో ట్యూబ్ పెట్టి ఆ రీడింగ్ తీసేయాలి. ఉదాహరణకి సారం లేని కంట్రోల్ 0.80, మీ ట్యూబ్ 0.34, సారం సొంత రంగు 0.04 అనుకోండి. అసలు రీడింగ్ 0.30, తగ్గింది 0.50, అంటే 62.5 శాతం. రంగు తీసేయకపోతే 57.5 అని రాసుకుని ఉండేవారు.

రెండోది మోతాదు. మిల్లీ లీటరుకి 1 మి.గ్రా. వేసేస్తే అన్నీ పసుపైపోయి, ఏది మేలో తెలియదు. 5, 10, 20, 40, 80 మైక్రోగ్రాములు అలా మెట్లుగా వేసి, సగం రంగు పోగొట్టే మోతాదుని, అంటే ఐసీ50ని గ్రాఫ్ నుంచి తీయండి. అది ఎంత తక్కువైతే సారం అంత బలమైనది. పోల్చుకోవడానికి పక్కనే విటమిన్ సి కూడా అదే రోజు, అదే ద్రావణంతో చేయాలి, ప్రతిదీ మూడేసి సార్లు.

వీలైతే ఫోలిన్ పద్ధతిలో (ఫినాల్స్‌తో కలిసి నీలం రంగు ఇచ్చే ద్రావణంతో చేసే టెస్టు) మొత్తం ఫినాల్స్ కూడా కొలవండి, గాలిక్ యాసిడ్ స్టాండర్డ్‌తో, 765 నానోమీటర్ల దగ్గర. రిపోర్టులో మాత్రం 'ఈ సారం జబ్బులు తగ్గిస్తుంది' అని దయచేసి రాయకండి. మీరు చూసింది ట్యూబులో రంగు మారడం, ఒంట్లో ఏం జరుగుతుందో ఈ టెస్టు చెప్పదు.