రిలీజ్ వారంలో ప్రీ-కమిట్ హుక్ పెట్టే ముందు

రిలీజ్‌కి వారం ఉందనగా టీమ్‌లో ఎవరో ఒకరు అంటారు: "పాస్‌వర్డ్‌లు కమిట్‌లోకి పోకుండా గిట్‌లో ఒక హుక్ పెట్టేద్దాం." పెట్టండి. గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్, కమిట్ అంటే అందులో ఒక మార్పును నమోదు చేయడం, ప్రీ-కమిట్ హుక్ అంటే కమిట్‌కి ముందు గిట్ తనంతట తానే నడిపే చిన్న స్క్రిప్ట్. కానీ హుక్ దేన్ని చూస్తోందో ముందు చూసుకోండి.

ఈ దెబ్బ నేను తిన్నదే. టోకెన్ (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్) ఉన్న ఫైల్‌ని కమిట్ కోసం గిట్‌కి యాడ్ చేసేశాను. వెంటనే గుర్తొచ్చి ఎడిటర్‌లో ఆ లైన్ తీసేసి సేవ్ చేశాను. మళ్లీ యాడ్ చేయడం మర్చిపోయాను. హుక్ డిస్క్ మీదున్న ఫైల్ చదివి, అంతా బాగుందంది. కమిట్‌లోకి వెళ్లింది మాత్రం ఇండెక్స్‌లో (యాడ్ చేసినవి కమిట్ దాకా ఉండే చోటు) ఉన్న పాత కాపీ, టోకెన్‌తో సహా! అందుకే ఫైళ్ల జాబితాను గిట్ డిఫ్‌కి క్యాష్డ్ ఆప్షన్ ఇచ్చి తీసుకోండి. లోపలి సరుకును గిట్ షోతో, ఫైల్ పేరు ముందు కోలన్ పెట్టి చదవండి. డిలీట్ చేసిన ఫైళ్లను జాబితాలోంచి తీసేయండి, లేకపోతే లేని ఫైల్ కోసం వెతికి హుక్ ఆగిపోతుంది.

ఇంకో తిరకాసు గ్రెప్, అంటే ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్. వెతికింది దొరికితే అది ఎగ్జిట్ కోడ్‌గా (ముగిశాక ఇచ్చే అంకె) సున్నా ఇస్తుంది, దొరక్కపోతే ఒకటి. గిట్‌కేమో సున్నా వస్తే కమిట్ చేసుకోమని, ఇంకేదొచ్చినా ఆపమని అర్థం. స్క్రిప్ట్ చివరి లైన్ గ్రెప్ అయితే దాని అంకే గిట్‌కి చేరి కథ తిరగబడుతుంది: టోకెన్ ఉన్న కమిట్ దర్జాగా పోతుంది, శుభ్రంగా ఉన్నది ఆగిపోతుంది. ఇఫ్ పెట్టి, ఎగ్జిట్ కోడ్ మీరే రాయండి.

ఫార్మాటింగ్ చేసి తిరిగి యాడ్ చేసే హుక్ ఈ వారం వద్దు. ఫైల్‌లో సగం మార్పులే యాడ్ చేసుకున్నవాళ్ల మిగతా సగం కూడా చెప్పాపెట్టకుండా కమిట్‌లోకి దూరుతుంది.

డాట్ గిట్ లోపలి హుక్స్ ఫోల్డర్ క్లోన్‌తో (ప్రాజెక్ట్‌ని కాపీ చేసుకున్నప్పుడు) రాదు. హుక్‌ని రిపోలోనే (ప్రాజెక్ట్ ఫైళ్లతో పాటే) ఒక ఫోల్డర్‌లో పెట్టి, గిట్ 2.9 నుంచి ఉన్న కోర్ హుక్స్‌పాత్ సెట్టింగ్‌ని అటు తిప్పమని అందరికీ చెప్పండి. అప్పుడు డాట్ గిట్‌లో ఎవరైనా సొంతంగా పెట్టుకున్న హుక్స్ నడవవు, అదీ చెప్పండి. లినక్స్, మ్యాక్‌లలో హుక్ ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేకపోతే గిట్ ఒక చిన్న హింట్ ఇచ్చి వదిలేస్తుంది, దాన్ని ఎవరూ చదవరు. విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ లైన్ల చివర సీఆర్ఎల్ఎఫ్ (విండోస్ తరహా లైన్ ముగింపు గుర్తు) చేరితే లినక్స్‌లో అది అసలు మొదలే కాదు.

టెస్టులన్నీ హుక్‌లో కుక్కకండి. నాలుగైదు సెకన్లు దాటితే జనం నో-వెరిఫై (హుక్‌ని దాటేసే ఆప్షన్) కొట్టేస్తారు. అర్ధరాత్రి టెన్షన్‌లో నేనైనా అదే చేస్తాను. కాబట్టి అదే చెక్ సీఐలో (సర్వర్ మీద తనంతట తానే నడిచే చెక్‌లు) కూడా ఉండాలి.

పెట్టాక, ఉత్తుత్తి టోకెన్‌తో ఒక కమిట్ కొట్టి అది ఆగుతుందో లేదో చూడండి. అసలు టోకెన్ ఇప్పటికే పుష్ అయిపోయి (సర్వర్‌కి చేరిపోయి) ఉంటే హిస్టరీ శుభ్రం చేయడం తర్వాత, ముందు ఆ టోకెన్‌ని రద్దు చేయండి.