పెళ్లిళ్లకు ముందు కెమెరా స్క్రీన్ తుడుస్తున్నారా?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. వెనక స్క్రీన్‌కు గుడ్డ తగిలించే ముందు ఇవి చూసుకోండి.

• ద్రవాన్ని నేరుగా స్క్రీన్ మీద స్ప్రే చేయొద్దు. అంచు సందుల్లోంచి లోపలికి దిగితే డిస్‌ప్లే మొత్తం మార్చాల్సి రావచ్చు. మైక్రోఫైబర్ గుడ్డ మీద ఒకటి రెండు చుక్కలు చాలు.

• ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి కొట్టే రబ్బరు బుడ్డి) దుమ్ము ఎగరగొట్టండి. గుడ్డ కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా గీత పడుతుంది. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి.

• కిటికీ అద్దాల క్లీనర్, థిన్నర్ అసలే వద్దు. మెరుపు తగ్గించే పైపూత మచ్చలుగా లేచిపోతుంది, ఆ పూత మళ్లీ రాదు.

• ఆఫ్ చేసి, బ్యాటరీ తీసేయండి. నల్లటి తెర మీద జిడ్డు స్పష్టంగా కనిపిస్తుంది.

• టెంపర్డ్ గ్లాస్ మీ మోడల్‌దే కొనండి. మందం ఎక్కువైతే బయటికి తిప్పి మూసే రకం స్క్రీన్ పూర్తిగా మూసుకోదు.

• తలంబ్రాల పసుపు పడితే రుద్దకండి, బ్లోయర్‌తో ఎగరగొట్టండి.