బ్రిటన్ పార్టీకి ఒక తూకం, అమెరికా పార్టీకి ఒక తూకం

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవారు కాటా చూపిన అంకెను ఉన్నదున్నట్టుగా నమ్మరు. తేమ ఉన్న కాయ బరువు ఎక్కువ చూపుతుంది, గలగలలాడేలా ఎండిన కాయ తక్కువ చూపుతుంది కాబట్టి, ముందు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యిపెట్టి గుప్పెడు కాయ తీసి నలిపి చూసిన తరువాతే ధర మాట్లాడతారు. ఇంగ్లీషులో వచ్చే ఉత్తరాలను కూడా ఇలాగే నలిపి చూడాలని నేను నష్టపోయిన తరువాత నేర్చుకున్నాను. అమెరికా వారి మెచ్చుకోలులో తేమ ఉంటుంది, దానికి తరుగు తీయాలి. బ్రిటన్ వారి అసంతృప్తి ఎండుకాయ లాంటిది, చూడడానికి తేలికగా ఉన్నా అందులో గింజ నిండుగా ఉంటుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఎగుమతి వ్యాపారంలో ఉత్తరాలు, మెయిళ్లు రాస్తున్నాను. ఇక్కడ మిర్చి, దుగ్గిరాల పసుపు ఎగుమతి చేసేవారికీ, విజయవాడలో కూర్చుని రెండు దేశాల కంపెనీలకు కంప్యూటర్ పనులు చేసే పిల్లలకూ ఈ పద్ధతులు పనికివస్తాయన్న నమ్మకంతో రాస్తున్నాను. ఈ రెండు జాతులూ మనకు కొత్త కావు. అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకు వచ్చింది 1842లో; ఆ మిషన్‌కే చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడ ఆసుపత్రి తెరిచింది 1898లో. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టి 1855 నాటికి పూర్తి చేసినవారు బ్రిటిష్ ఇంజనీర్లు. అయినా మనవాళ్లు ఇద్దరినీ కలిపి 'దొరలు' అనే ఒక్క మాటతో సరిపెట్టారు, చిక్కంతా అక్కడే మొదలైందని నాకు అనిపిస్తుంది.

ముందుగా బ్రిటన్ వారి సంగతి చెబుతాను, ఎందుకంటే నేను పెద్ద దెబ్బ తిన్నది అక్కడే. ఒక ఏడాది తొడిమ తీసిన సన్నం రకం మచ్చు ఒకటి లండన్ పార్టీకి, అంటే సరుకు కొనే కంపెనీకి, పంపాము. పది రోజులకు వచ్చిన జవాబులో సరుకు మొత్తం మీద 'క్వైట్ గుడ్' అనీ, రంగు 'బహుశా ఒక రవ్వ' మసకగా కనిపిస్తున్నదనీ, తరువాతి లాటులో దాన్ని చూడగలమేమోనని తాను అనుకుంటున్నాననీ ఉంది. మా మేనల్లుడు ఆ మెయిల్ చదివి, "మావయ్యా, బాగుందంటున్నాడు, ఒక రవ్వ తేడా అంతే. లోడు చేయించేద్దామా?" అన్నాడు. నేనూ సరేనన్నాను. సరుకు అందిన తరువాత ఒక్క కోపపు మాట రాలేదు, సొమ్ము గడువులోగా వచ్చింది, ధన్యవాదాలు చెబుతూ మర్యాదైన ఉత్తరం కూడా వచ్చింది. ఆ తరువాత ఆ పార్టీ నుంచి మరొక ఆర్డరు రాలేదు.

ఆ ఉత్తరాన్ని ఇప్పుడు చదివితే నాకు వేరుగా అర్థమవుతుంది. బ్రిటన్ వాడుకలో 'క్వైట్ గుడ్' అంటే 'ఫర్వాలేదు' అని మాత్రమే. అదే మాట అమెరికా వాడి నోట వస్తే 'చాలా బాగుంది' అని అర్థం. 'ఒక రవ్వ' అంటే 'స్పష్టంగా', 'బహుశా' అంటే 'నిస్సందేహంగా', 'చూడగలమేమో' అంటే 'చూడకపోతే ఇక మాటల్లేవు'. ఈ భాష మనకు తెలియనిదేమీ కాదు. పెళ్లిచూపులకు వచ్చినవారు కాఫీ తాగి, అమ్మాయి లక్షణంగా ఉందని చెప్పి, ఇంటికి వెళ్లి కబురు చేస్తామంటూ లేచినప్పుడు పిల్ల తండ్రి ఎవరూ మరునాడు ముహూర్తం పెట్టించడు. బ్రిటిష్ పార్టీ ఉత్తరం వచ్చినప్పుడు ఆ పిల్ల తండ్రి చెవితో వినాలి. 'కొంచెం', 'బహుశా', 'నేను అనుకోవడం', 'మీకు అభ్యంతరం లేకపోతే' వంటి మాటలు ఉత్తరంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మూడు దాటాయంటే ఆ వాక్యం కింద గట్టి ఫిర్యాదు ఉందని అనుకోండి. 'మీ మీద గౌరవంతో చెబుతున్నాను' అని మొదలైతే మీ మాటను ఆయన పూర్తిగా కాదంటున్నాడని అర్థం.

ప్రమాదాన్ని చిన్నదిగా చెప్పడం అక్కడివారికి పెద్దరికం. 1982 జూన్ 24న జావా ద్వీపం దగ్గరగా వెళుతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం అగ్నిపర్వతపు బూడిదలో చిక్కుకుని నాలుగు ఇంజన్లూ ఆగిపోయినప్పుడు, కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులతో మనకు ఒక చిన్న సమస్య వచ్చిందని మొదలుపెట్టి, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయని చెప్పి, మీరు మరీ ఆందోళన పడడం లేదనుకుంటానని ముగించాడు. ఇంజన్లు తిరిగి అందుకుని విమానం జకార్తాలో క్షేమంగా దిగింది కాబట్టి ఆ మాటలను ఇప్పటికీ నవ్వుతూ తలచుకుంటారు. అన్నిసార్లూ అలా జరగదు. 1951 ఏప్రిల్‌లో కొరియా యుద్ధంలో ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ సైన్యపు గ్లోస్టర్‌షైర్ దళాన్ని చైనా సేనలు చుట్టుముట్టినప్పుడు, బ్రిటిష్ బ్రిగేడియర్ బ్రోడీ తన పై అధికారి అయిన అమెరికన్ జనరల్ సోల్‌కు పరిస్థితి 'కొంచెం చిక్కుగా ఉంది' అన్న అర్థంలో చెప్పాడంటారు. బ్రిటిష్ చెవికి అది ఆర్తనాదం. అమెరికన్ చెవికి 'ఇబ్బందిగా ఉన్నా నెట్టుకొస్తున్నాం' అని వినిపించింది. వెనక్కు రమ్మనే ఆదేశం సకాలంలో అందలేదు, అయిదు వందలకు పైగా సైనికులు బందీలయ్యారు. మాతృభాష ఒకటే అయినవారే అంత పొరబడితే, బడిలో నేర్చుకున్న ఇంగ్లీషుతో మనం పొరబడడంలో వింతేముంది?

అమెరికా ఉత్తరం దీనికి తిరగేసిన బొమ్మ. అదే ఏడాది ఒక అమెరికా పార్టీకి తేజ రకం మచ్చు పంపితే, రెండో రోజునే 'ఆసమ్' (అద్భుతం) అనీ, తమ బృందానికి ఎంతో నచ్చిందనీ, మాతో పనిచేయడానికి ఉవ్విళ్లూరుతున్నామనీ జవాబు వచ్చింది. ఆ ఉత్సాహాన్ని నేను ఆర్డరుగా తీసుకుని, ధర పెరుగుతుందేమోనన్న భయంతో యార్డులో టిక్కీలు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టించాను. ఆర్డరు రాలేదు, ధర దిగింది, అద్దె మాత్రం నెలనెలా పెరిగింది. ఆయన నన్ను మోసం చేశాడని ఆనాడు తిట్టుకున్నాను గాని, అది నా పొరపాటే. అక్కడ మెచ్చుకోలు పలకరింపులో భాగం. 'నచ్చింది' అన్నది ఆ క్షణానికి నిజమే, కానీ అది మాట ఇవ్వడం కాదు. పర్చేజ్ ఆర్డరు, అడ్వాన్సు లేదా ఎల్.సి. (సొమ్ముకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) చేతికి వచ్చేదాకా ఎన్ని ఆశ్చర్యార్థకాలు ఉన్నా అన్నిటికీ తరుగు తీసి చదవాలి. ఉత్సాహపు మెయిల్ వచ్చిన రోజునే, ఎన్ని టన్నులు, ఏ నెలలో, సంతకం ఎవరిది అనే మూడు ప్రశ్నలు అడిగేయండి. అమెరికా వాడు దాన్ని తొందరపాటు అనుకోడు, పని తెలిసినవాడని అనుకుంటాడు. ఇవే ప్రశ్నలు బ్రిటన్ వారిని మొదటి ఉత్తరంలోనే అడిగితే గుమ్మంలోనే బేరమాడినట్టుగా ఉంటుంది. వాతావరణం గురించి ఒక వాక్యం రాసి, రెండో ఉత్తరంలో అడగడం మేలు.

అమెరికా ఫిర్యాదుకు మాత్రం తరుగు అక్కర్లేదు. 'ఇది మాకు కుదరదు, శుక్రవారంలోగా మార్చి పంపండి' అని రెండు ముక్కల్లో వస్తుంది. మనవాళ్లు అది చదివి ముఖం ముడుచుకుంటారు, అంత దురుసుగా రాయాలా అని రెండు రోజులు జవాబు ఇవ్వరు, అసలు నష్టం ఆ రెండు రోజుల్లోనే జరుగుతుంది. అందులో కోపం వెతకవద్దు. పని సరిచేసి పంపితే మూడో రోజున ఆయనే మీ పిల్లల చదువుల గురించి అడుగుతాడు. ఇంకొక సంగతి, ఫోను ఎత్తగానే అమెరికా వాడు ఎలా ఉన్నారన్నా, బ్రిటన్ వాడు బాగానే ఉన్నారా అన్నా, మోకాలి నొప్పి సంగతి చెప్పనవసరం లేదు. అది మన 'ఏమండీ, భోజనాలయ్యాయా' లాంటి పలకరింపు.

మన గురించి మనం చెప్పుకునేటప్పుడు కూడా రెండు పద్ధతులు పాటించాలి. అమెరికా పార్టీకి మీ బలం మొదటి వాక్యంలోనే, అంకెతో సహా చెప్పండి. కారానికి అంకె కట్టిన విల్బర్ స్కోవిల్ 1912లో ఆ పద్ధతి కనిపెట్టిన అమెరికన్. రంగుకు మనం చెప్పే ఆస్టా విలువ కూడా అమెరికా మసాలా వర్తకుల సంఘం పేరు మీద వచ్చిందే. నాలుక మండడాన్ని సైతం అంకెలోకి దించినవారికి 'మేలైన సరుకు' అన్న మాట ఆనదు. బ్రిటన్ పార్టీకి అవే అంకెలు పంపండి గాని, పైన ఉండే విశేషణాలు తీసేయండి. గుంటూరులో మేమే నంబర్ వన్ అని రాస్తే, ఉత్తరం అక్కడే పక్కన పెట్టేస్తారు. బ్రిటన్ వాడు తనను తాను తక్కువ చేసుకుని, లెక్కల్లో నేను మందమతినని నవ్వుతూ చెబితే మాత్రం నమ్మకండి. అలా చెప్పిన పెద్దమనిషి ఒకాయన మా ఖర్చుల పట్టికలో రవాణా గడిలో పడిన తప్పును నాలుగో పేజీలో పట్టుకున్నాడు.

సరుకు పరీక్షల విషయంలో ఈ స్వభావ భేదం డబ్బుతో ముడిపడుతుంది కాబట్టి మరింత జాగ్రత్త కావాలి. 2005లో కారంపొడిలో కలిసిన సూడాన్ అనే నిషేధిత కృత్రిమ రంగు ఒక సాస్ ద్వారా వందల ఆహార పదార్థాల్లోకి చేరి, బ్రిటన్ దుకాణాల నుంచి వాటన్నిటినీ వెనక్కు తీయించారు. ఆ భయం అక్కడివారిలో ఇంకా ఉంది. అయినా అక్కడి పార్టీ సూడాన్ పరీక్ష నివేదిక జతచేస్తే 'ఉపయోగకరంగా ఉంటుంది' అని మాత్రమే రాస్తాడు. అది లేకుండా కంటైనర్ కదిలించకూడదని దాని అర్థం. బూజు వల్ల పుట్టే విషమైన అఫ్లాటాక్సిన్ పరిమితి మిరపకు బ్రిటన్‌లో కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు, అమెరికాలో 20. ఈ అంకెలను అమెరికా పార్టీ ఒప్పందంలో పేజీల కొద్దీ షరతుల మధ్య నల్లగా అచ్చువేసి పంపుతాడు. బ్రిటన్ పార్టీ మీకు తెలిసే ఉంటుందన్నట్టుగా ఒక్క వాక్యంలో దాటేస్తాడు. ఆ ఒక్క వాక్యాన్ని ఎర్ర సిరాతో గీసి పెట్టుకోండి.

చిన్న విషయాలు కొన్ని త్వరగా చెబుతాను. 05/06 అని రాస్తే బ్రిటన్‌లో జూన్ 5, అమెరికాలో మే 6. నెల పేరును అక్షరాల్లో రాయండి. బ్రిటన్ వాడు 'హాఫ్ ఫైవ్' అంటే అయిదున్నర, నాలుగున్నర కాదు. ఒక అంశాన్ని 'టేబుల్' చేద్దామంటే బ్రిటన్‌లో చర్చకు తీసుకురావడం, అమెరికాలో పక్కన పెట్టడం; రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇరుదేశాల అధికారులు ఈ మాట మీదే చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. గడియారం అమెరికాలో మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం ముందుకు జరుగుతుంది కాబట్టి, ఆ మధ్య వారాల్లో ఫోను వేళలు మళ్లీ సరిచూసుకోండి. బ్రిటన్‌లో ఏడాదికి 28 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధమైన హక్కు, అమెరికాలో అలాంటి కేంద్ర చట్టమే లేదు. అందుకే ఆగస్టులో లండన్ మౌనంగా ఉంటే అలిగారని అనుకోవద్దు.

ఇదంతా గంపగుత్త లెక్క అని గుర్తుంచుకోండి. స్కాట్లాండ్ వాడిని ఇంగ్లీషువాడా అని అడిగితే ఆ రోజు బేరం సాగదు. న్యూయార్క్ వాడి ముక్కుసూటితనం అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఉండదు. అక్కడి మర్యాదలో బ్రిటన్ పోలికలు కొన్ని కనిపిస్తాయి. బ్రిటన్‌లోని లెస్టర్‌ నగరంలో స్థిరపడిన గుజరాతీ వర్తకుడు ధర మన పద్ధతిలో ఆడతాడు, కాగితాలు అక్కడి పద్ధతిలో అడుగుతాడు. ఆయనతో నెగ్గుకురావడానికి చిట్కా ఏదీ నాకు ఇంకా దొరకలేదు.

చివరిగా మన నోటి సంగతి. 'అలాగేనండి, రేపు పంపేస్తాం' అన్న మాట మనలో మనకు మర్యాద మాత్రమే. అమెరికా వాడు ఆ 'రేపు'ను క్యాలెండరులో రాసుకుని ఎల్లుండి ఉదయం నిలదీస్తాడు, బ్రిటన్ వాడు కూడా రాసుకుంటాడు గాని ఏమీ అనడు. ఆ రెండోదే ఎక్కువ ఖరీదు. తెలియకపోతే తెలియదనే రాయండి, ఏ తారీఖున చెప్పగలరో రాయండి. బ్రిటన్ పార్టీ మనసు తేలనప్పుడు కాదనే వీలు ఆయనకే కల్పించండి: 'ఈ లాటే పంపమంటారా, మరొక మచ్చు తయారుచేయమంటారా' అని రెండు దారులు చూపితే, రెండో దారిని సంతోషంగా ఎంచుకుంటాడు, మీకు సంగతి తెలిసిపోతుంది.

నేనిప్పుడు బ్రిటన్ మెయిళ్లన్నిటినీ అలాగే ముగిస్తున్నాను. మొన్న పంపిన మచ్చుకు మరొక లండన్ పార్టీ నుంచి మూడే మాటల జవాబు వచ్చింది, 'నాట్ బ్యాడ్, యాక్చువల్లీ' అని. దాన్ని చదివి పెదవి విరుస్తానేమోనని నా ముఖంలోకి చూసిన మా మేనల్లుడు, నేను నవ్వడం చూసి మరో మాట అడగకుండా చెన్నై రేవుకు కంటైనర్ మాట్లాడడానికి ఫోను తీశాడు.