డయాగ్నసిస్ కోడ్ తప్పు పడకుండా కేస్ షీట్ చదవడం ఎలా

డయాగ్నసిస్ కోడ్ అంటే జబ్బు పేరుకు బదులు రికార్డులో రాసే అక్షరం, అంకెల గుర్తు. ఆ కోడ్ వేసేవారు రోగిని చూడరు. వాళ్ల ముందుండేది కేస్ షీట్ ఒక్కటే. అందుకే కోడింగ్‌లో చాలా తప్పులు కోడ్‌ల పుస్తకం సరిగా చూడక వచ్చేవి కావు, డాక్టరు రాసిన మాటను సరిగా చదవక వచ్చేవి, లేదా డాక్టరే ఆ మాట రాయకపోవడం వల్ల వచ్చేవి.

ముందు మీ ఆసుపత్రి ఏ పుస్తకం వాడుతోందో తేల్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 (జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ, పదో కూర్పు) వేరు, అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎం వేరు, 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 ఇంకా వేరు. టైప్ 2 షుగర్ వల్ల వచ్చిన కాలి పుండుకు మొదటిదాంట్లో ఇ11.5. రెండోదాంట్లో ఇ11.621, దానికి తోడు పుండు ఎక్కడుందో, ఎంత లోతుందో చెప్పే ఎల్97 కోడ్. మూడోదాంట్లో టైప్ 2 షుగర్ మూల కోడే 5ఏ11. కింద చెప్పేదంతా మొదటి పుస్తకం ప్రకారం.

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చూసి కోడ్ వేయకండి. అడ్మిషన్ నోట్స్, రోజువారీ నోట్స్, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు కూడా చదవాలి. బయాప్సీ చాలాసార్లు రోగి ఇంటికి వెళ్లాకే వస్తుంది. అప్పటిదాకా ఆ ఫైలును పెండింగ్‌లో ఉంచడమే మేలు.

తర్వాత ప్రధాన జబ్బు ఏదో తేల్చాలి. చికిత్స లేదా పరీక్షలు ముఖ్యంగా దేనికోసం అవసరమయ్యాయో, ఆసుపత్రిలో ఉన్న కాలం చివరికి తేలిన ఆ జబ్బే ప్రధానం. అలాంటివి ఒకటికి మించి ఉంటే, ఎక్కువ వనరులు ఖర్చయినది తీసుకోవాలి. సమ్మరీలో మొదట రాసిందే ప్రధానమనుకోవద్దు. చాలామంది డాక్టర్లు అలవాటుగా బీపీ, షుగర్‌తో మొదలుపెట్టి, అసలు అడ్మిషన్‌కు కారణమైన న్యుమోనియాను నాలుగో వరుసలో రాస్తారు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి గుండెపోటని తేలితే ఐ21 వేయాలి. ఛాతీ నొప్పికి ఆర్07.4 విడిగా అక్కర్లేదు, ఆ లక్షణం జబ్బులోనే ఉంది. ఏ జబ్బూ తేలకుండానే పంపించేస్తే మాత్రం లక్షణాన్ని చెప్పే ఆర్ కోడే సరైనది. అది తక్కువ రకం కోడ్ అనుకుని, డాక్టరు చెప్పని జబ్బును అంటగట్టకండి.

కోడ్ వెతకడం రెండు మెట్ల పని. మొదట మూడో సంపుటంలోని అక్షర సూచిక, ఆ తర్వాత మొదటి సంపుటంలోని పట్టిక. సూచికలో అవయవం పేరుతో కాక జబ్బు పేరుతో వెతకాలి: తొడ ఎముక మెడ విరిగితే ముందు ‘ఫ్రాక్చర్’, దాని కింద ‘ఫీమర్’, ఆ కింద ‘మెడ’. ఎస్72.0 దొరుకుతుంది. ఎలా విరిగిందో చెప్పే కోడ్ కూడా జోడించాలి. జారిపడితే డబ్ల్యూ01. అది ఎప్పుడూ రెండో స్థానంలోనే.

సూచికలో కనిపించిన నంబరునే రాసేస్తే పట్టికలో ఉన్న ‘మినహాయింపు’ గమనికలు తప్పిపోతాయి. పిత్తాశయంలో రాళ్లు, దాంతోపాటు అక్యూట్ వాపు ఉన్న కేసునే చూడండి. రాళ్లకు కె80, వాపుకు కె81 అని కొందరు పొరపాటున రెండు వేస్తారు. కె81 దగ్గర ‘రాళ్లతో ఉంటే కె80 చూడు’ అని స్పష్టంగా ఉంది. రెండూ కలిపి కె80.0 ఒక్కటే.

కొన్నిచోట్ల దీనికి వ్యతిరేకం, ఒకే జబ్బుకు రెండు కోడ్‌లు కావాలి. టీబీ మెనింజైటిస్‌కు కారణం చెప్పే ఏ17.0 పక్కన కత్తి గుర్తు (†), మెదడు పొరల వాపు చెప్పే జి01 పక్కన నక్షత్రం (*) ఉంటాయి. కత్తి గుర్తుది ముందు రావాలి. నక్షత్రం కోడ్ ఒంటరిగా ఎప్పుడూ నిలబడదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌లో ఈ.కోలి బ్యాక్టీరియా పెరిగిందని, జబ్బుకు అదే కారణమని డాక్టరు రాస్తే ఎన్39.0తో పాటు బి96.2 చేర్చాలి.

కాలం విషయంలో జాగ్రత్త. గుండెపోటు వచ్చి నాలుగు వారాలు దాటితే ఐ21 కాదు. పాతదిగా మాత్రమే రాసి ఉంటే ఐ25.2. పాత పక్షవాతం వల్ల చెయ్యి పడిపోయి ఉంటే, అది రక్తనాళం మూసుకుపోయి వచ్చిన స్ట్రోక్ అయితే ఐ69.3, తాజా స్ట్రోక్‌కు వేసే ఐ63 కాదు. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి జబ్బు ఛాయలు లేకపోతే జడ్85.3, కీమో నడుస్తుంటే సి50. పాత ఫైలు నుంచి కోడ్‌లను కాపీ చేసేచోట ఈ తప్పులే ఎక్కువ.

గర్భిణికి ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉంటే డి50.9 ఒక్కటే వేయడం తప్పు. ముందు ఓ99.0 రావాలి, రకం తెలిస్తే ఆ కోడ్ తర్వాత. ఓ80 మామూలు కాన్పుకే. ఓ అక్షరంతో మొదలయ్యే ఇంకో కోడ్ పడిందంటే ఓ80 ప్రధాన కోడ్‌గా ఉండకూడదు.

టైపింగ్‌లో ఓ అక్షరం బదులు సున్నా, ఐ అక్షరం బదులు ఒకటి పడడం మామూలు. ఇ11 దగ్గర ఆగిపోతే కోడ్ అసంపూర్ణం, నాలుగో అంకె కావాలి. బీపీకి వేసే ఐ10 మాత్రం మూడక్షరాలతోనే పూర్తవుతుంది. దానికి .9 తగిలిస్తే లేని కోడ్ తయారవుతుంది.

ల్యాబ్ రిపోర్టులో సోడియం 118 అని ఉందనుకోండి. సెలైన్ మార్చారు, మళ్లీ మళ్లీ పరీక్షించారు, కానీ డాక్టరు ‘హైపోనాట్రీమియా’ (రక్తంలో సోడియం తగ్గడం) అని ఎక్కడా రాయలేదు. కోడర్ సొంతంగా ఇ87.1 వేయకూడదు. అంకెను జబ్బుగా నిర్ణయించడం డాక్టరు పని. అప్పుడు డాక్టరును అడగాలి. ‘హైపోనాట్రీమియా అని రాయండి’ అని అడగడం సరికాదు, ఆ ప్రశ్న జవాబును నోట్లో పెట్టినట్టే. ‘సోడియం 118, ఈ చికిత్స ఇచ్చారు. దీనికి సంబంధించిన డయాగ్నసిస్ ఏదైనా ఉంటే నమోదు చేయండి’ అని అడగాలి. షుగర్, కిడ్నీ జబ్బు విడివిడిగా రాసి ఉంటే, ఒకదానివల్ల మరొకటి వచ్చిందా అన్నదీ ఇలాగే అడగాల్సిందే. ఫోనులో చెప్పిన జవాబు సరిపోదు. తేదీ, సంతకంతో కేస్ షీట్‌లోకి ఎక్కాకే కోడ్ మార్చండి.