మన కారు – మన పానా, 5వ పాఠం: కాలిన వాసన ఎక్కడిది?

పోయిన పాఠంలో జాకీ వేసి స్టెప్నీ మార్చడం నేర్చుకున్నాం. ఆ పని చేతికి అలవాటైతేనే ఈ పాఠం రెండో సగం జోలికి వెళ్లండి. మొదటి సగానికి ముక్కు ఉంటే చాలు.

కాలిన వాసన రాగానే చాలామంది బానెట్ ఎత్తేస్తారు. అంత తొందర వద్దు. ఏం చేస్తున్నప్పుడు వచ్చింది, దిగి చుట్టూ తిరిగితే ఎక్కడ ఘాటుగా ఉంది, ముందు ఈ రెండూ తేల్చుకోండి.

వైరు కాలిన వాసనైతే మాత్రం తేల్చుకోడాలు లేవు. కారు పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, అందరూ దిగిపోండి. పొగ వస్తుంటే బానెట్ ఎత్తకండి, గాలి తగిలితే మంట లేస్తుంది. అన్నట్టు, 10 ఆంపియర్ల ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని 20 ది పెట్టేవాళ్లున్నారు. అప్పుడు ఫ్యూజ్ బాగానే ఉంటుంది, వైరు మాడుతుంది.

బీచ్ రోడ్డులో బజ్జీల బండి పక్కన నిలబడ్డట్టు మాడిన నూనె వాసన వస్తే, ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ లోంచి ఇంజిన్ ఆయిల్ కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతోందేమో చూడండి. పాకం పడుతున్నట్టు తియ్యగా ఉంటే కూలెంట్ కారుతోంది. ఇంజిన్ చల్లారకుండా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కాగితం మాడినట్టుంటే క్లచ్ ప్లేట్. సింహాచలం కొండెక్కేటప్పుడు ముందు బండ్లు ఆగినప్పుడల్లా హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగం తొక్కిపట్టి, కారుని నిలబెడితే వచ్చేది ఇదే. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్ చేసి క్లచ్ వదిలేయడం అలవాటు చేసుకోండి.

ఇక బ్రేకులు. కొండ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు తీయకుండా దిగితే ఏ కారైనా వాసన వస్తుంది. రెండో గేర్లో దిగితే సగం పని ఇంజినే చేస్తుంది. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర, తేమ చేరాక ఆ కనీసం 155కి పడిపోతుంది. అది మరిగితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. మనది సముద్రపు గాలి ఊరు, రెండేళ్లకోసారి ఆయిల్ మార్చేయండి.

మా బావ కారుకి చదును రోడ్డు మీద కూడా వాసన వచ్చేది. ఒక షెడ్డులో క్లచ్ పోయిందన్నారు. అడివివరం దాటాక ఆపించి, ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. తాకలేదు, జానెడు దూరం నుంచే. మూడు చక్రాలు గోరువెచ్చన. ముందు ఎడమది పొయ్యిలా ఉంది.

"క్లచ్ కాదు బావా, బ్రేక్ పట్టేసింది," అన్నాను.

"మరి నాలుగు రోజులుగా మైలేజీ పడిపోయిందంటే నవ్వారు కదరా వాళ్లు!" అన్నాడు.

మర్నాడు, బాగా చల్లారాక, చదును నేల మీద వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి జాకీ వేశాం. కింద స్టాండు కూడా పెట్టాం, జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు. న్యూట్రల్‌లో చక్రం తిప్పితే కుడిది తేలిగ్గా తిరిగింది, ఎడమది అర చుట్టుకే ఆగింది. చక్రం విప్పి, క్యాలిపర్ (బ్రేక్ డిస్కుని రెండు ప్యాడ్ల మధ్య నొక్కే పట్టు) కింది బోల్టు తీసి పైకి లేపితే లోపలి ప్యాడ్ బాగా అరిగి ఉంది, బయటిది సగం కూడా అరగలేదు. అంటే క్యాలిపర్ జారాల్సిన పిన్నులు జారడం లేదు.

వేలితో లాగితే రావాల్సిన పిన్ను ప్లయర్‌తో తిప్పి తిప్పి లాగితే వచ్చింది, ఒంటినిండా గోధుమరంగు తుప్పు. పిన్నుకి తొడిగే రబ్బరు బూటు చిరిగి ఉప్పు తేమ లోపలికి పోయింది. సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, కొత్త బూటు వేసి, సిలికాన్ గ్రీజు పల్చగా రాశాం. ఇంట్లో ఉందని మామూలు గ్రీజు రాయకండి, రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. గుంటలు పడితే పిన్నే మార్చాలి. ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఎడమ, కుడి రెండు చక్రాలకీ కొత్తవి వేయాలి.

క్యాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని సీ-క్లాంపుతో (మర తిప్పి బిగించే పట్టు) మెల్లగా లోపలికి నొక్కి చూడండి. కదలకపోతే తప్పు పిస్టన్‌దో బ్రేక్ గొట్టానిదో అయి ఉంటుంది. అక్కడితో మన పాఠం ఆగుతుంది, మెకానిక్ పని మొదలవుతుంది.

అన్నీ బిగించాక కారు కదిపే ముందు, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి. బావ అది మరిచి స్టార్ట్ చేయబోతే తాళం లాక్కున్నాను. మొదటి తొక్కుకి పెడల్ నేలదాకా పోయింది.

ఈ వారం అభ్యాసం: ఎక్కడికైనా అరగంట తిరిగొచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి, ఏది ఎంత వేడిగా ఉందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతో పని ఉంది.