చూపు మందగించిన వాళ్ల కోసం ఇంట్లో మార్పులు

చూపు తగ్గిందనగానే చాలామంది పెద్ద బల్బు తెచ్చి బిగిస్తారు. శుక్లాలున్న కంటికి అది ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. నున్నటి టైల్స్ మీద పడ్డ వెలుగు కళ్లలోకి కొట్టి ఉన్న చూపూ చెదిరిపోతుంది. ముందు రంగుల తేడా చూసుకోవాలి. ఫోన్‌తో నలుపు తెలుపు ఫొటో తీయండి. గడప, మెట్టు అంచు, స్విచ్ బోర్డు అందులో విడిగా తెలియకపోతే ఆ రంగులు పనికిరావు. ఎరుపు, ముదురు ఆకుపచ్చ మనకు వేరైనా ఫొటోలో ఒకే బూడిద రంగు కావచ్చు.

వీధి గడపకు పసుపు ఉంటుంది కాబట్టి కనబడుతుంది. కాలు తట్టుకునేది లోపలి గదుల రాతి గడపలకే. వాటికి పసుపు పచ్చ ఎనామిల్ పెయింట్ వేయండి.

ప్రతి మెట్టుకూ ముందు అంచున, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, 5 సెం.మీ. వెడల్పు గరుకు టేపు అంటించాలి. నల్ల గ్రానైట్‌కు పసుపు, తెల్ల మార్బుల్‌కు నలుపు. టేపు అంచుకు వెనగ్గా పడితే, దిగేటప్పుడు మెట్టు అక్కడితో అయిపోయిందనుకుని కాలు దించి తూలుతారు. జిడ్డు కడిగి, పూర్తిగా ఆరాకే అంటించండి. లేచిన టేపు కాలికి అడ్డం పడుతుంది. తలుపు ముందు నల్ల కాళ్లపట్టా మాత్రం వద్దు, గొయ్యిలా కనిపిస్తుంది.

గ్యాస్ పొయ్యి ఆపి, నాబ్ మీదా దానికి ఎదురుగా పొయ్యి మీదా చిటికెడు ఎమ్‌సీల్ ముద్ద పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. ఈ రెండు బొడిపెలు ఎదురెదురుగా ఉంటే పొయ్యి ఆరినట్టు. మంట ప్రతి స్థాయికీ గుర్తు పెడితే వేలికి ఏదీ తెలియదు; పొయ్యి మీద ఆపే చోట ఒకటి, సిమ్ దగ్గర ఒకటి చాలు. ప్లాస్టిక్ స్టిక్కర్లు వేడికి ఊడిపోతాయి.

స్టీలు కంచంలో తెల్లన్నం కనబడదు, పైగా మెరుపు. ముదురు రంగు కంచం పెట్టండి. మజ్జిగకు ముదురు గ్లాసు, కాఫీకి తెల్ల కప్పు. వంకాయ తరగడానికి తెల్ల పలక, ఉల్లిపాయకు నల్లది.

తెల్ల టైల్స్ ఉన్న బాత్రూంలో బకెట్, చెంబు ముదురు నీలంవి కొనండి. తువ్వాలు కడ్డీ మనిషి బరువు ఆపదు. పట్టుకోవడానికి గోడలోకి బోల్టులతో బిగించిన రాడ్ వేరే ఉండాలి.

చదివే దీపాన్ని భుజం వెనక నుంచి, కాగితానికి దగ్గరగా పెట్టండి. దూరం సగమైతే కాగితం మీద వెలుగు సుమారు నాలుగింతలవుతుంది, కొత్త బల్బు అక్కర్లేదు. తలుపులు పూర్తిగా తెరవండి, లేదా పూర్తిగా మూయండి. దసరాకో సంక్రాంతికో ఇల్లు సర్దితే, ఏది ఎక్కడికి మారిందో వాళ్ల చేత ముట్టించి చూపించండి.