ర్యాలీ లెక్కలకు అట్టముక్క

సరదా కార్ ర్యాలీలో ముందొచ్చినవాళ్లది గెలుపు కాదు. రూట్ బుక్‌లో (దారి, దూరాలు, వేగాలు రాసిచ్చే పుస్తకంలో) ఇచ్చిన సగటు వేగం ప్రకారం సరిగ్గా టైముకు చేరాలి. ముందు చేరినా, ఆలస్యమైనా మార్కులు పోతాయి. కుదుపుల్లో ఫోన్ మీద లెక్కలు కట్టడమే చికాకు. మొన్న మా క్లబ్బు వాళ్లం నెల్లూరు నుంచి మైపాడు వెళ్లొచ్చాక, రాత్రి బహుమతుల విందులో చేపల పులుసు వడ్డిస్తున్నా చాలామంది ఆ లెక్కల గురించే బాధపడ్డారు.

దానికో సులువుంది. గంటలో ఉండే 3600 సెకన్లను, గంటకు ఇన్ని కిలోమీటర్లని ఇచ్చిన సగటు వేగంతో భాగించండి, కిలోమీటరుకు ఎన్ని సెకన్లో వస్తుంది. 30కి 120, 36కి 100, 40కి 90, 45కి 80, 50కి 72. ఇంట్లోనే అట్టముక్క మీద మార్కర్‌తో లావుగా రాసి డాష్‌బోర్డుకు అంటించండి. 36 వేగంతో 12.4 కిలోమీటర్లంటే 1240 సెకన్లు, అంటే 20 నిమిషాల 40 సెకన్లు. పక్క సీట్లో మా బావమరిది నోటిలెక్కతోనే చెప్పేశాడు.

రూట్ బుక్ 10 కిలోమీటర్లు అన్నచోట మీ ట్రిప్ మీటర్ (సున్నా చేసుకుని దూరం కొలిచే కారు మీటర్) 10.3 చూపిస్తే, మీటర్‌లో ప్రతి పదికీ సుమారు 0.3 తీసేసి లెక్కేయండి.

దారి తప్పి వెనక్కొస్తే మాత్రం ఇది పనిచేయదు, అదనపు దూరం మీటర్‌లో కలిసిపోతుంది. రూట్ బుక్‌లోని తర్వాతి గుర్తు దగ్గర, గుడో వంతెనో, మీటర్ సున్నా చేసి, అక్కడికి పుస్తకంలో ఉన్న దూరానికి కలుపుకుంటూ పోండి. పోయిన టైమును పల్లె రోడ్ల మీద స్పీడుతో రాబట్టాలని చూడొద్దు. కోతల కాలంలో వడ్లు సగం రోడ్డు మీదే ఆరబోసి ఉంటాయి.